రొయ్యల గట్టు మీద నా బ్యాగు

మా అనంతపురంలో చెరువు నిండిందంటే జనం ఆటోలు కట్టించుకుని పోయి చూసొస్తారు. ఒకసారి నేను క్లాసు ఎగ్గొట్టి మరీ పోయాను. అలాంటి నన్ను కార్తీకమాసంలో తీసుకుపోయి కృష్ణా డెల్టాలో వదిలితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రోడ్డుకి ఈ పక్క కాలువ, ఆ పక్క పొలాలకి నీళ్లు తీసుకుపోయే బోదె, రెంటికీ అవతల వరి, ఆ వరిలోనూ నీళ్లే. ఇంత సిరి పెట్టుకుని ఆ మనుషులు దాని వంక కన్నెత్తి కూడా చూడరు. బస్సులో అందరూ హాయిగా నిద్రపోతుంటే నేనొక్కదాన్నే చిన్నపిల్లలా కిటికీకి అతుక్కుని కూర్చున్నాను.

అయితే నేను పోయింది నీళ్లు చూడటానికి కాదు. ఒక మనిషిని పట్టుకుందామని పోయాను.

ఆ మనిషి పేరు నాంచారమ్మ. గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సెలవుల్లో మా యూనివర్సిటీకి వచ్చి నా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. దివిసీమలో సముద్రం మీద వేటకు పోయే కుటుంబంలో పుట్టిన పిల్ల. నేను రిటైరవబోతున్నాను కాబట్టి నా చివరి స్టూడెంటు కూడా ఆమే. సోమవారం ఆమె సెమినార్. థీసిస్ ఇచ్చే ముందు బయటి పరీక్షకుల ఎదుట నిలబడి చెప్పుకోవాల్సిన సెమినార్ అది. ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి, ఈసారి తప్పితే రిజిస్ట్రేషను రద్దవుతుంది, ఏళ్ల తరబడి చేసిన పని గంగలో కలుస్తుంది. అలాంటిది ఇంకో ఆరు రోజులుందనగా సాయంత్రం ఫోను చేసి, "మేడమ్, నేను మానేస్తున్నానండీ. సోమవారం రాను. ఏమీ అనుకోకండి" అని పెట్టేసింది. తిరిగి చేస్తే స్విచ్ఛాఫ్. ఆ సెల్‌ఫోను నాతో లెక్కలు మాట్లాడటానికని కొనుక్కుంది మహాతల్లి.

నాకు కోపమొస్తే ఇంట్లో కూర్చోలేను. మర్నాడే రైలెక్కాను.

గుడివాడ

పొద్దున్నే దిగి, స్టేషను దగ్గర హోటల్లో పెసరట్టు తిన్నాను. మా వైపు పొద్దున పూట ఉగ్గాని, బజ్జీ పెడితే నోరు మండి నిద్రమత్తు వదులుతుంది. ఇక్కడ పెసరట్టు మడత విప్పితే లోపల ఉప్మా! టిఫినులో టిఫిను పెట్టి అమ్మే ఊరు బాగుపడక ఏమవుతుంది అనుకున్నాను. అల్లం పచ్చడి మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. టీ మూడు రూపాయలు, గ్లాసు మా ఊరి గ్లాసులో సగం. ఇదేమిటయ్యా అని అడిగితే, "చిక్కగా ఉంటదండీ, తాగి చూడండి" అన్నాడు. నిజంగానే చిక్కగా ఉంది.

అక్కడ అందరూ అందరినీ 'అండీ' అంటారు. నేను దిగిన రిక్షా అతను పక్క రిక్షా అతన్ని, "మీకు బుద్ధుందాండీ, కళ్లు కనపడట్లేదాండీ" అని తిట్టాడు. తిట్టు తిట్టే, మర్యాద మర్యాదే.

నాంచారమ్మ ఇంట్లో ఆమె లేదు. భర్త వెంకటరత్నం గారున్నారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, భారీ మనిషి, గొంతు మాత్రం పిల్లి గొంతు. నన్ను చూసి గబగబా చొక్కా తొడుక్కుని కుర్చీ వేశారు.

"నాంచారి యాడికి పోయిందండీ?" అన్నాను.

"బందరెళ్లిందండి, వాళ్లక్క దగ్గరికి. చిలకలపూడిలో ఉంటారండి." ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నారు. "మీరు ఆవిడ మీద కోప్పడకండి మేడంగారూ. వాళ్ల మేనేజిమెంటు కొత్త బ్రాంచి పెట్టి ప్రిన్సిపాలుగా ఉండమన్నారండి. సోమవారం చేరతానని మాటిచ్చింది."

"సోమవారమే దొరికిందా ఆ మహానుభావులకు? మీరేమన్నారు?"

"నేనేమంటానండి? ఆ లెక్కేదో కుదరక వారం రోజులై సరిగ్గా అన్నం తినట్లేదండి ఆవిడ. ప్రిన్సిపాలైనా పర్లేదు, డాక్టరైనా పర్లేదు, ముందు నాలుగు ముద్దలు తింటే చాలనిపిస్తందండి నాకు."

అంతవరకూ ఆయన్ని కూడా కలిపి చీవాట్లు పెట్టాలనే ఉంది నాకు. ఆ మాట విన్నాక చీవాట్లు మానేసి, కాఫీ తాగి లేచాను.

చిలకలపూడి

గుడివాడ నుంచి బందరు పోయే రైల్లో, బందరుకి ఒక్క స్టేషను ముందే చిలకలపూడి. రోల్డుగోల్డు నగల ఊరు. సందులోకి తిరిగితే చాలు, ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు కూర్చుని గొలుసో గాజో చేస్తుంటారు. తళతళలాడే హారం ఒకటి తలుపు గొళ్లేనికి తగిలించి ఉంది, దాని పక్కన గోడ మీద పిల్లి. మా ఊళ్లో అలా బయట వేలాడదీస్తే గిల్టో బంగారమో తేల్చుకునే లోపలే మాయమవుతుంది.

నాంచారమ్మ అక్క కోటేశ్వరి అరుగు మీద కూర్చుని, గొట్టంతో మంట ఊదుతూ గొలుసు లింకులు అతుకుతోంది. నేనెవరో చెప్పగానే మంట ఆపేసి, "అయ్యో, మీరాండీ! నాంచారి పొద్దున్నే నాగాయలంక వెళ్లిపోయిందండీ, మావయ్య చెరువుల కాడికి. పట్టుబడి ఉందంట" అంది.

పట్టుబడి అంటే పోలీసులనుకుని, ఏ స్టేషనని అడిగాను. రొయ్యలు చేతికొచ్చాక చెరువు దింపి పట్టే రోజుని వాళ్లు అలా అంటారట.

ఆ పూటకి బస్సు లేదనీ, తెల్లారి వెళ్లొచ్చనీ కోటేశ్వరి నన్ను కదలనివ్వలేదు. బందరు లడ్డూ పెట్టింది. దాన్ని తినడానికి పళ్లక్కర్లేదు, నాలుక మీద పెట్టుకుంటే చాలు. మూడోది పెట్టబోతుంటే వద్దన్నాను గానీ, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. మళ్లీ పనిలో కూర్చుంటూ ఆమె అడిగింది:

"అసలు మా చెల్లి చదివేది దేని గురించండీ? దాన్ని అడిగితే నీకు అర్థం కాదులే అంటది."

"అర్థం కాకేమి. బస్సులో ఇద్దరు కవలలు సీట్లు మార్చుకున్నారనుకో. కండక్టరుకు తెలుస్తుందా?"

"తెలీదండీ."

"ప్రకృతిలో సన్నసన్న రేణువులు ఆ కవలల మాదిరే ఉంటాయి. వాటిలో మామూలుగా రెండే జాతులు. ఒక జాతివి ఒకే సీట్లో ఎన్నయినా కూర్చుంటాయి. అవి చోటు మార్చుకుంటే లెక్కలో ఏ మార్పూ రాదు. రెండో జాతికి మడి ఎక్కువ, ఒక సీట్లో ఒకటే. అవి చోటు మారితే లెక్కలో ప్లస్సు పోయి మైనస్సు అవుతుంది. మీ చెల్లి పట్టుకున్నది మూడో రకాన్ని. అవి చోటు మారితే ప్లస్సూ కాదు, మైనస్సూ కాదు. గడియారంలో ముల్లు కొంచెం తిరిగినట్టు ఏదో ఒక కోణం తిరుగుతుంది. అసలు తిరగకపోతే మొదటి జాతి, సగం చుట్టు తిరిగితే రెండో జాతి, నడుమ యాడన్నా ఆగిపోతే ఇవి. ఎనియాన్లంటారు."

"మా ఆడపడుచులాగన్నమాట. అవుననీ అనదు, కాదనీ అనదు."

"అదే. అట్లాంటి వాటిని ఒకే వరసలో, వెంట్రుక కంటే సన్నని దారిలోకి తోసి, ఒకటంటే ఒకటికి గిట్టకుండా చేసి, కింద వేడి పెడితే అవి ఎంత వేడి తాగుతాయి? అదీ మీ చెల్లి లెక్క."

కోటేశ్వరి ఊదుడు గొట్టం నోటి దగ్గరే ఆపి నా వంక చూసింది. "గిట్టనోళ్లని ఇరుకులో కుక్కి కింద మంట పెట్టడమా? దానికంత పాపమెందుకండీ!"

నవ్వాను గానీ, అసలు సంగతి తర్వాత ఆమే చెప్పింది. ఏ కోణం తీసుకున్నా ఒకే జవాబు వచ్చిందట. చెల్లెలు రాత్రంతా ఏడ్చిందట. వదిలేసి వెళ్లిన కాగితాలు తెచ్చి చేతిలో పెట్టింది. చూస్తే నిజమే. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ రేణువుల గుంపు ఎంత వేడి తీసుకుంటుందో చూపే గ్రాఫు అది. ఒక్కో కోణానికి ఒక్కో రంగు గీత ఉండాలి. అన్నీ కలిసి ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఆ గిట్టకపోవడం, అంటే వికర్షణ, విపరీతంగా ఉంటే రెండు జాతులూ ఒకేలా వేడి తాగుతాయన్నది పాత సంగతే, మాకు తెలుసు. నడిమి రకం దారి తప్పి వేరే గీత గీస్తుందనే మా ఆశంతా. ఆ ఆశ మీదే థీసిస్ మొత్తం నిలబడి ఉంది.

కాగితాలు మడిచి నా తోలు బ్యాగులో పెట్టుకున్నాను.

పులిగడ్డ దాకా

మర్నాడు బస్సులో నా పక్క సీటు పెద్దాయనది ఘంటసాల. ఎక్కగానే, "జరగండి పిన్నిగారూ" అన్నాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. నేనాయనకు పిన్నిని ఎలా అయ్యానో నాకు తెలియదు గానీ, చల్లపల్లి వచ్చే లోపల కండక్టరు ఆయన్ని 'మావయ్యా' అన్నాడు, ఆయన డ్రైవర్ని 'అల్లుడూ' అన్నాడు, బస్సంతా ఒక కుటుంబమైపోయింది. మా వైపు ముక్కూముఖం తెలియని మనిషిని వరస పెట్టి పిలవాలంటే కొంత సందేహిస్తాం. వీళ్లు ముందు వరస కలిపేసి తర్వాత ఊరు అడుగుతారు.

గ్రాఫులు తీసి తప్పెక్కడుందో వెతుకుతుంటే ఆయన తొంగి చూసి, "ఒంట్లో బాగోలేదాండీ, ఇసీజీలా ఉంది" అన్నాడు. గుండెకేనండీ బాగోలేదు, అనాలనిపించింది. వెతికి వెతికి అలిసిపోయాను. తప్పు దొరికుంటే సంతోషించేదాన్ని. తప్పును దిద్దుకోవచ్చు, ఒప్పుని ఏం చేసుకోవాలి?

పులిగడ్డ దగ్గర బస్సు ఆగింది. కృష్ణ మీదుగా ఒక వంతెన, ఆ వంతెన మీద కాలువ! కింద నది పారుతోంది, పైన కాలువ పారుతోంది, కాలువ పక్కన సన్నటి రోడ్డు. నీటి మీద నీటిని నడిపిస్తున్నారు. మా ఊరి వాళ్లకి చెబితే అబద్ధాలకోరునంటారని, కళ్లారా రెండుసార్లు చూశాను. రోడ్డు ఒక బండికే సరిపోతుంది. అవతల నుంచి వచ్చే లారీ దాటేవరకూ మేము ఇటే ఆగాం. ఎవరూ హారను కొట్టలేదు.

"ఉప్పెనకి అన్నీ పోయినా ఇది నిలబడిందండి పిన్నిగారూ," అన్నాడు పెద్దాయన. దివిసీమలో కాలాన్ని ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత అని చెప్పుకుంటారు. అవనిగడ్డలో దిగుతూ ఆయన నా ఒళ్లో నాలుగు జామకాయలు పెట్టి వెళ్లాడు.

నాగాయలంక

మావయ్య పేరు నాంచారయ్య. ఆ సీమలో ఆ పేరుతో పిలిస్తే సందుకొకరు పలుకుతారేమో. ఊరి బయట, రొయ్యల చెరువులు మొదలయ్యే చోట, రోడ్డు పక్కన ఐసు పెట్టెల దగ్గర నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, తలకి తుండు, నోరు విప్పితే ఊరవతలికి వినపడే గొంతు.

"నాంచారి అదిగో, ఆ చివర పాకలో ఉందండీ! వెళ్లండి, గట్టెంబడి తిన్నగా వెళ్లిపోవడమే!" అన్నాడు. అంతలో లారీ రావడంతో అటు తిరిగాడు.

గట్టంటే ఏదో కాస్త వెడల్పుగా ఉంటుందనుకున్నాను. ఇటు చెరువు, అటు చెరువు, నడుమ ఒక మనిషి అడుగు పెట్టేంత మట్టి. అదీ తడిసి జారుతోంది. మా ఊళ్లో ఈత నేర్చుకోవాలంటే ముందు నీళ్లు కొనుక్కోవాలి. నాకు ఈత ఎక్కడిది? చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, బ్యాగు గుండెకి హత్తుకుని, దేవుళ్ల పేర్లు చదువుకుంటూ సగం దూరం పోయాను.

ఎదురుగా ఒక నడివయసు ఆవిడ వస్తోంది. నెత్తిన గంప, గంపలోంచి నీళ్లు కారుతున్నాయి. దగ్గరకొచ్చి ఆగింది. నేనూ ఆగాను. ఎవరో ఒకరు వెనక్కి నడవాలి గదా అని నేను ఆలోచిస్తుండగానే, "ఇటివ్వండి మామ్మగారూ" అని నా బ్యాగు లాక్కుని, రొయ్యల గంప నా చేతుల్లో పెట్టి, గిరుక్కున తిరిగి వచ్చిన దారినే చకచకా నడిచి వెళ్లిపోయింది.

"ఏయ్! దొంగ! నా బ్యాగు! పట్టుకోండి!" అని అరిచాను. నా కళ్లజోడు, పర్సు, తిరుగు టికెట్టు, ఆ గ్రాఫులు అన్నీ అందులోనే. వెంటపడదామంటే చేతుల్లో బతికున్న రొయ్యలు మీసాలాడిస్తున్నాయి. గంప కింద పడేద్దామంటే ఎవరి కష్టమో. రొయ్యల నీళ్లు మోచేతుల మీదుగా జాకెట్లోకి కారుతుంటే, చేసేది లేక నేను కూడా వెనక్కి తిరిగి వచ్చిన దారినే నడిచాను.

నాంచారయ్య గంప అందుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఐసు కొట్టేవాళ్లూ నవ్వారు. "దొంగేంటండీ మేడంగారూ! మా ఆదిలక్ష్మండి అది! గట్టు మీద ఇద్దరు ఎదురైతే చేతిలోవి మార్చుకుని ఎవరి దారిన వాళ్లు తిరిగొచ్చేయడమేనండీ ఇక్కడ. దాటబోయారా, ఇద్దరూ చెరువులోకే! రొయ్యలు ఇటొస్తాయి, ఐసూ మేతా అటెళ్తాయి, మనుషులు మటుకు సగం గట్టే నడుస్తారు. మీరు కొత్తవాళ్లని ముందే ఓ కేక వేయకపోవడం నాదే పొరపాటండి."

"మరి నా బ్యాగు?"

"ఎక్కడికి పోద్దండీ? పాక కాడికి చేరిపోయుంటది ఈపాటికి."

చేరింది కూడా. కాసేపట్లో గట్టు మీద నా తోలు బ్యాగు కనపడింది, దాన్ని భుజానికి వేసుకుని నాంచారమ్మ కనపడింది. మావయ్య అటు ఒక కేక వేస్తే గట్టంతా ఖాళీ అయింది. నేను ఆఖరుసారి చూసిన ఈ మూడు నెలల్లో సగమైపోయింది పిల్ల. నన్ను చూసి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"మీరెందుకొచ్చారు మేడమ్, ఇంత దూరం?"

"దొంగలు పడే ఊరని తెలీక వచ్చినాను," అన్నాను.

మేత బోర్డు

నన్ను ఈసారి ఆమే చెయ్యి పట్టి పాకకి నడిపించింది. పాకలో అన్నం, రొయ్యల ఇగురు పెట్టింది. మా వైపు కారం నాలుకని కొడుతుంది. ఆ ఇగురు మాత్రం ముందు తియ్యగా తగిలి, తర్వాత నెమ్మదిగా మంట పుట్టించింది. నేను తింటుంటే చూస్తూ కూర్చుంది గానీ తాను ముట్టుకోలేదు.

"అక్క దగ్గర గ్రాఫు చూశారుగా మేడమ్. ప్రోగ్రాములో తప్పు లేదండీ. అదే నా బాధ. తప్పుంటే దిద్దుకుందును. వేడికి నా కోణం ఊసే తెలియడం లేదు. లేనిదాన్ని ఇన్నేళ్లు కొలిచానన్నమాట. ఆ పెద్దవాళ్ల ఎదుట నిలబడి ఏం చెప్పను, ఏమీ లేదని చెప్పనా?"

"ప్రిన్సిపాలయితే ఏం చెప్తావు?"

"ఫీజులు కట్టమని చెప్తానండీ. అందులో తప్పు రాదు."

నాకు బాధా కోపమూ కలిసి వచ్చాయి. చెయ్యి కడుక్కుని, జాకెట్టు వాసన చూసుకుని, ఉన్న కసి అంతా తీర్చుకున్నాను. "నీ కోణం సంగతి తర్వాత. ముందిది చెప్పు. అంత దూరం నుంచి వచ్చింది నేను. నాకంటే ముందు నా బ్యాగు ఎట్ల చేరుతుంది నీ దగ్గరికి? ఇదేం ఊరు?"

"బరువు దాటుతుంది గదండీ, మనుషులు దాటరు..." అని అలవాటుగా అనేసి, మధ్యలో ఆగిపోయింది. నీళ్ల గ్లాసు చేతిలో అలాగే ఉంది. గట్టు వంక చూస్తోంది. అక్కడ ఆదిలక్ష్మి, ఐసు తెస్తున్న ఇంకొకతను ఎదురై మార్చుకుని తిరిగారు.

"మేడమ్, రోడ్డు మీద మావయ్యకి గంప అందింది. ఎవరైనా దాటొచ్చి ఇచ్చారో, మధ్యలో చేతులు మారిందో ఆయనకి తెలుస్తుందాండీ?"

"తెలీదు."

"మారేటప్పుడు ఎడం పక్కగా తిప్పి ఇచ్చారో, కుడి పక్కగానో?"

"గంపలో ఎట్ల కనపడుతుంది?"

"కనపడదు కదండీ! వేడి కూడా గంపే కదా మేడమ్! వికర్షణ అంత గట్టిగా ఉంటే ఏదీ దేన్నీ దాటదు. శక్తి మాత్రం చేతులు మారి వెళ్లిపోతుంది. మార్చుకునేటప్పుడు ఎంత కోణం తిరిగారన్నది దానికి అక్కర్లేదు. ఒకే గీత రావడం తప్పు కాదు, వచ్చి తీరాలి!"

నా లోపల ఏదో తేలికపడింది. కానీ గైడుని కదా, సోమవారం అడగబోయే ప్రశ్న నేనే అడిగాను. "రావాలి సరే. అక్కర్లేని కోణానికి థీసిస్ ఎందుకు? నువ్వు మానేస్తున్నది ఆ మాట మీదే కదా?"

ఆమె లేచి నిలబడింది. "గట్టు మరీ సన్నం చేశానండీ నేను. వికర్షణ అనంతమని పెట్టాను. కాస్త వెడల్పు చేస్తే ఒకరినొకరు రాసుకుంటూ వెళ్తారు, అప్పుడు కోణం పట్టించుకోక తప్పదు." చుట్టూ చూసింది. పాక గోడకి మేత టైములు రాసే నల్లబోర్డు ఉంది. కొంగుతో తుడిచేసి సుద్దముక్క తీసుకుంది.

తర్వాతంతా మా ఇద్దరి పోట్లాటే. వికర్షణ చాలా ఎక్కువే, కానీ అనంతం కాదు; అప్పుడు వచ్చే మొదటి సవరణ ఎంత? ఆమె రాస్తుంటే నేను అడ్డం పడటం, నేను రాస్తే ఆమె చెరపడం. ఎండ పాక గుమ్మం దాటి చెరువు మీదికి జరిగే వేళకి తేలింది. సవరణలో కోణం కూర్చునుంది, కోణంలో సగానికి కొసైన్ రూపంలో. కోణం సున్నా పెడితే మొదటి జాతికి అందరికీ తెలిసిన పాత జవాబే వచ్చింది. సగం చుట్టు పెడితే సవరణ మొత్తం మాయమైంది. రెండో జాతికి అలాగే కావాలి. నడిమి రకాలు ఆ రెంటి నడుమ విసనకర్ర ఆకుల్లా వరసగా విచ్చుకున్నాయి. అన్నీ కలిసిపోయిన ఆ ఒక్క గీత, ముడిచిన విసనకర్ర.

"గట్టు సన్నగా ఉన్నప్పుడు కూడా కోణం ఎక్కడికీ పోదండీ," అంది, సుద్ద చేత్తో ముఖం తుడుచుకుంటూ. "వేడిలో కనపడదు. రేణువుల వేగాల్లో చూస్తే అంతా ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. రేపు కంప్యూటరు మీద వేసి చూడాలి."

"రేపే వేస్తావా? ప్రిన్సిపాలమ్మకు తీరుబడి ఉంటుందా?"

ఇంతలో నాంచారయ్య లోపలికొచ్చి బోర్డు చూసి గుండెలు బాదుకున్నాడు. "ఓలమ్మో! నా మేత టైములేయే? ఏ చెరువుకి ఎప్పుడేయాలో ఇప్పుడెవరు చెప్తారే నాకు?"

"నాకు గుర్తున్నాయి మావయ్యా, రాసిస్తాను," అంది. కానీ బోర్డు తుడవడానికి ఆమెకి చెయ్యి రాలేదు. టైములన్నీ పాక తలుపు మీద రాసింది. తర్వాత కంచం తెచ్చుకుని, చల్లారిన రొయ్యల ఇగురుతో రెండుసార్లు అన్నం పెట్టుకుని తింది. గుడివాడలో డ్రిల్లు మాస్టారికి ఈ కబురు వెంటనే చెప్పాలనిపించింది నాకు.

తిరుగు బస్సు

మర్నాడు పొద్దున బస్సు దగ్గర దాచుకోకుండా చెప్పేశాను. "నాంచారీ, నువ్వు నా ఆఖరి స్టూడెంటువి. రాకపోతే నిన్ను తిట్టను. కానీ నాకు చాలా బాధగా ఉంటుంది. ఒట్టి చేతులతో రిటైరైనట్టుంటుంది."

"మాటిచ్చానండీ మేడమ్ వాళ్లకి," అంది, చెప్పుల వంక చూస్తూ. "మాటంటే మా ఇంట్లో పట్టింపు."

నాంచారయ్య ఎండు రొయ్యల పొట్లం నా ఒళ్లో పెట్టాడు. విజయవాడ దాకా నా సీటు పక్కన ఎవరూ కూర్చోలేదు. పులిగడ్డ దగ్గర మళ్లీ ఆగాం, ఈసారి లేచి చూడబుద్ధి కాలేదు.

సోమవారం, అనంతపురం

సెమినార్ హాల్లో పరీక్షకులు కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన వాచీ చూసుకున్నాడు. నేను గుమ్మం వైపు చూడకూడదని గట్టిగా అనుకుని, వెనక బెంచీలో కూర్చుని గుమ్మాన్నే చూస్తున్నాను. అప్పుడు ముందు ఒక భారీ శరీరం లోపలికి వచ్చింది. వెంకటరత్నం గారు. రెండు చేతుల నిండా కాగితాల కట్టలు. ఆయన వెనక నలిగిన చీరలో, రైల్లో చెదిరిన జుట్టుతో నాంచారమ్మ.

నా దగ్గరికొచ్చి వంగి చెవిలో చెప్పింది. "మంగళవారం మంచిది కాదని మావయ్య అన్నాడండీ, బుధవారం చేరతానని వాళ్లకి చెప్పాను. ఆ ఉద్యోగం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నిన్నంతా కాలేజీ ల్యాబులోనే ఉన్నాను మేడమ్. విచ్చుకున్నాయి."

మొదటి గ్రాఫు చూపించగానే పెద్దాయన చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషమమ్మా. అన్ని గీతలూ ఒకటే అయినప్పుడు మీరు కనుక్కున్నదేమిటి?"

ఆమె కంగారుపడలేదు. చాక్‌పీసుల డబ్బా పట్టుకుని వేదిక దిగింది. "మేడమ్, ఒకసారి ఇలా వస్తారాండీ? మీ బ్యాగుతో."

బెంచీల నడుమ దారి సన్నది. నేను వెనక నుంచి నడిచాను, ఆమె ముందు నుంచి నడిచింది. మధ్యలో ఎదురయ్యాం. నా బ్యాగు తీసుకుని డబ్బా నా చేతుల్లో పెట్టింది. దొంగ అని అరిచిన దాన్నే, ఈసారి కిక్కురుమనకుండా వెనక్కి తిరిగి వచ్చి నా బెంచీలో కూర్చున్నాను. ఆమె వేదికెక్కి బ్యాగు ఎత్తి చూపించింది.

"సార్, బ్యాగు వెనక నుంచి ఇక్కడికొచ్చింది. ఎవరు ఎవర్ని దాటారండీ?"

ఆయన నన్నూ, ఆమెనీ, బ్యాగునీ కాసేపు మార్చి మార్చి చూశాడు. "ఎవరూ దాటలేదు," అన్నాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని ముందుకు జరిగి కూర్చున్నాడు. "కానివ్వండి. తర్వాతి గ్రాఫు చూపించండి."

నాంచారమ్మ బ్యాగు టేబుల్ మీద పెట్టి, విసనకర్ర విచ్చుకున్న గ్రాఫు తీసింది. ఆ తర్వాత సెమినార్ అయ్యేవరకూ, రొయ్యల వాసన ఇంకా వదలని నా బ్యాగు ఆమె పక్కనే ఉంది. ఒళ్లో చాక్‌పీసుల డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. బ్యాగుని తిరిగి అడగాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.